దిండుకు కట్టిన బెల్టు

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఈ సంగతి నేను చెప్పవచ్చు, మీరు చెప్పకూడదు. చెప్పినవాళ్ళతో మాటలు మానేసిన చరిత్ర నాకుంది. కానీ ఎత్తు దాచిపెడితే ఇక్కడ చెప్పబోయే గొడవ ఒక్క ముక్క కూడా అర్థం కాదు కనుక, ముందే ఒప్పేసుకుంటున్నాను.

డెబ్బైల దశకం చివర్లో నేను అరకులోయలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో నర్సుని. రెండు గదులు, ఒక వరండా, వెనక చోడి చేలు, అంటే రాగి చేలు. డాక్టరుగారు వారానికొకసారి కొండెక్కి వచ్చి, చలికి తిట్టుకుని, దిగిపోయేవారు. మిగతా రోజులన్నీ మేం ముగ్గురమే. నేను, ఆయమ్మ, జీపు నడిపే బాబాయ్. బాబాయ్ నాకు చుట్టం కాదు, నాలాగే విజయనగరం వైపు పల్లపు మనిషి. ఆయనకు పెళ్ళాం మీద కంటే జీపు మీద ప్రేమ ఎక్కువని ఆయన పెళ్ళామే చెప్పేది. ఆయమ్మ అక్కడి కొండ మనిషి. అరవై దాటిందని మేం అనుకునేవాళ్ళం, ఆవిడ మాత్రం లెక్క వేసుకోలేదు.

ఆ జీపు ఎవరో విదేశీ దాతలు పంపింది. మన జీపుల్లో అప్పట్లో లేని వింతలు దానికి రెండున్నాయి. ఒకటి, ముందు రెండు సీట్లకూ నడుముకు కట్టుకునే బెల్టులు. రెండు, డ్రైవరు సీటు కింద ఒక పిడి. పిడి లాగితే సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుందని కాగితాల్లో రాసి ఉండేదట. కాగితాలు ఎలకలు తిన్నాయి. సుంకరమెట్ట సంత నుంచి తెచ్చే ఉప్పు బస్తా ఎప్పుడూ ఆ సీటు పక్కనే కూర్చునేది కాబట్టి పిడిని తుప్పు తింది.

"బాబాయ్, ఈ బెల్టులు దేనికి?" అని కొత్తలో ఒకసారి అడిగాను.

"సామాన్లకమ్మా. మనిసి పడితే తనే నెగుస్తాడు. సామాను పడితే ఎవులు నెగదీస్తారు?" అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది. అందుకని పక్క సీటు బెల్టు టీకా మందుల ఐసు పెట్టెకు కట్టేవాళ్ళం. సంత రోజున పనసపండుకు కట్టేవాళ్ళం. ఘాటు రోడ్డు మలుపుల్లో పనసపండు నిశ్చింతగా కూర్చునేది, మేం మాత్రం అటూ ఇటూ పడి దొర్లేవాళ్ళం.

అలా రోజులు బాగానే గడుస్తుండగా బాబాయ్ కళ్ళకు శుక్లాలు వచ్చాయి. పల్లంలో ఉన్న మా పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండు నెలల్లోగా లైసెన్సున్న మరో డ్రైవరు కుదరకపోతే జీపును కిందికి పంపేయాలి, నర్సును కూడా అక్కడి ఆసుపత్రికి మార్చేస్తాం అని. ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. ఒకడు అనంతగిరి మలుపులు చూసి సగం దారిలోనే బస్సు దిగిపోయాడు. రెండోవాడు మలేరియా భయంతో మూడు రోజులు దోమతెరలోనే కూర్చుని, నాలుగో రోజు తెరతో సహా వెళ్ళిపోయాడు.

జీపు పోతే పదకొండు ఊళ్ళకు టీకాలు పోయినట్టే. నడిచి వెళ్ళేసరికి ఐసు నీళ్ళయిపోతుంది. ఊళ్ళ సంగతి సరే, నా సంగతీ చెప్పాలి కదా. నాకు కొండ దిగాలని లేదు. కింద అందరూ నన్ను అటక మీది వస్తువు అందుకోమని చెప్పి నవ్వేవాళ్ళు. ఇక్కడ ఎవరూ నా ఎత్తు కొలవలేదు. "నర్సమ్మ వచ్చింది" అంటే ఊరు ఊరంతా పిల్లల్ని ఎత్తుకుని బయటికొచ్చేది. అది వదులుకోవడం నావల్ల కాదు.

"నేనే నేర్చుకుంటాను" అన్నాను.

బాబాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. చూడ్డానికి అట్టే సేపు పట్టలేదు. "నువ్వా?" అన్నాడు.

"నేనే! ఏం, జీపు మొగాళ్ళ మాటే వింటుందా?"

"జీపు నీ మాట ఇంటాది నర్సమ్మా. నీ కాళ్ళే ఇనవు."

నిజమే, వినలేదు. సీటు బాబాయ్ పొడుగుకు అతుక్కుపోయి ఉంది. కాళ్ళు అందేలా కిందికి జారితే రోడ్డు కనబడదు, రోడ్డు కనబడేలా నిక్కితే కాళ్ళు అందవు. ఆసుపత్రి మంచం మీది బూరుగు దూది దిండు తెచ్చి వేసుకున్నాను. మొదటిసారి బ్రేకు తొక్కగానే దిండు నా కింద నుంచి జారి క్లచ్చి మీద పడింది. బాబాయ్ బాగా ఆలోచించి, డ్రైవరు సీటు బెల్టు తీసి దిండుకు గట్టిగా కట్టేశాడు.

"బెల్టు సామానుకి. దిండు సామానే కదేటి!" అన్నాడు, చేతులు దులుపుకుంటూ.

బాబాయ్ అన్నాడు సరే, చదువుకున్న దాన్ని, నేనైనా ఆలోచించాలా వద్దా? "ఎంత తెలివి బాబాయ్!" అని మెచ్చుకుని, ఆ బెల్టు మీదే ఎక్కి కూర్చున్నాను. బకిల్ గుచ్చుకుంటే కొంచెం పక్కకు జరిగాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నెలాఖరుకు పరీక్ష. బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు నెలకొకసారి ఎస్.కోట వచ్చేవారు. కొండ కిందిదాకా బాబాయే నడిపాడు, ఎడమ కన్ను సగం, కుడి కన్ను పావు పనిచేస్తుండగా. ఇన్‌స్పెక్టరుగారు భారీ మనిషి, మీసాలు కూడా భారీవే. నన్ను చూసి, "లైసెన్సు ఎవరికి?" అని నా వెనక వెతికారు. నాకు ఒళ్ళు మండింది. ఐసు పెట్టెను వెనక్కు పెట్టించి ఆయన నా పక్కన కూర్చున్నారు.

ముందు బాగానే నడిపాను. గేర్లు మార్చాను, చెయ్యి బయటపెట్టి సైగలు చేశాను, వాలు మీద ఆపి మళ్ళీ కదిలించాను. ఆయన "ఊఁ, ఊఁ" అంటున్నారు. ఇంతలో ఒక కోడిపుంజు, ఆ పక్కన గింజలు లేనట్టు, ఈ పక్కకు పరుగెత్తింది. బ్రేకు మీద రెండు కాళ్ళతో నిలబడ్డాను. జీపు ఆగింది, నేను ఆగలేదు. దిండు మీద నుంచి జర్రున జారి, స్టీరింగు కిందుగా పోయి, పెడల్స్ మధ్య చతికిలబడ్డాను.

ఇన్‌స్పెక్టరుగారి నుదురు అద్దానికి కొట్టుకుంది. ఆయన "అబ్బా" అని తిరిగి చూసేసరికి డ్రైవరు సీట్లో మనిషి లేదు. తెల్ల దిండు ఒకటి, నడుముకు బెల్టు కట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఏమ్మా!" అని కేకేశారు. "ఎక్కడున్నావు?"

"ఇక్కడేనండీ" అన్నాను కింద నుంచి.

ఆయన చాలాసేపు దిండు వైపు చూశారు. "దిండు పాసు. నువ్వు ఫెయిలు" అన్నారు. నేను పైకెక్కి, చేసేదేముంది, ఆయన నుదుటి బొప్పికి మందు రాశాను. రాయించుకుంటూనే, "వచ్చే నెల రా. సీటు బాగుచేయించుకో. ఆ బెల్టు మనిషికి కట్టేదమ్మా, మనిషికి!" అన్నారు.

వచ్చే నెల కూడా తప్పితే జీపు దిగిపోవడమే, నేను దిగిపోవడమే. కొండెక్కుతున్నంత సేపూ ఏడ్చాను, మధ్య మధ్య బాబాయ్‌ని తిట్టాను. మర్నాడు ఆయన సీటు పట్టాల్లో కిరసనాయిలు పోశాడు. రెండు రోజులు నానబెట్టాడు. మూడో రోజు సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఖణేల్‌మని సీటు కదిలింది. వెనక్కి! బెత్తెడు వెనక్కి జరిగి, అక్కడ మళ్ళీ బిగుసుకుపోయింది. ఇక సుత్తికీ లొంగలేదు, తిట్లకీ లొంగలేదు. ఆ తరవాత రెండు రోజులు బాబాయ్‌తో నాకు మాటల్లేవు.

నేను వరండా మెట్ల మీద మొహం వేలాడేసుకుని కూర్చుంటే, ఆయమ్మ పక్కబట్టలు ఉతికి ఆరేస్తూ అడిగింది. "ఏటమ్మా, ఇంతకీ ఎలాగ పడిపోనావు?"

అంతా చెప్పాను. ఆవిడ విని, తడి దుప్పటి నా ఒళ్ళో పడేసి, నడుం మీద చేతులు వేసుకుంది.

"మెత్తకి కట్టి, గుంటని వొదిలేసినారా? ఓలమ్మ! మీ పల్లంలో ఇలాగే సేత్తారేటి?" మెత్త అంటే దిండు. గుంట అంటే పిల్ల, అంటే నేను.

అక్కడి కొండ ఆడవాళ్ళు పసివాళ్ళను గుడ్డతో వీపుకు కట్టుకుని చేలో పనిచేస్తారు, కొండెక్కుతారు, సంతకు నడుస్తారు. వంగినా లేచినా బిడ్డ కదలదు. రోజూ కళ్ళారా చూస్తున్నదాన్నే, ఒక్కసారైనా నాకు తట్టలేదు. ఆయమ్మ నన్ను చెయ్యి పట్టుకుని జీపు దగ్గరికి లాక్కెళ్ళింది. దిండు తీసి అవతల పారేసింది. తన పాత చీరల బొంత తెచ్చి మడతలు వేసి, సగం సీటు మీద, సగం వీపు ఆనే చోట వేసింది.

"అడుగున మెత్త, ఈపున మెత్త. రెండూ ఒకటే గుడ్డ అవ్వాల. రెండు గుడ్డలేత్తే ఒకటి జారిపోతాది. కూకో."

కూర్చున్నాను. వెనక మందం వల్ల ముందుకొచ్చాను, కింద మందం వల్ల పైకొచ్చాను. మోకాళ్ళు కొంచెం వంగి ఉండగానే పెడల్స్ అందాయి! నేను సంబరంగా బెల్టు లాగి పొట్ట మీద కట్టుకోబోతే, చేతి మీద ఒక్కటి వేసింది.

"పొట్ట మీద కడతారేటి? పొట్ట మీద బిగిత్తే గుంట పాలు కక్కీదా? కిందికి! తుంటెముక మీద! మెలిక తియ్యి. ఇప్పుడు బిగించు. ఇంకా."

ఆవిడ బెల్టుకూ నాకూ మధ్య అరచెయ్యి దూర్చి చూసి, సరే అంది. బాబాయ్ జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి, "సామాను కట్టినట్టు నేదే" అని గొణుక్కున్నాడు. "నోరు ముయ్యి" అన్నాం ఇద్దరం ఒకేసారి. అలా బాబాయ్‌తో మాటలు కలిశాయి.

ఆ నెలంతా సాధనే. చేల మధ్య బాట మీద నేను జీపు తోలుకొస్తుంటే, ఆయమ్మ పొద చాటు నుంచి ఖాళీ గంప ఒకటి ముందుకు విసిరేది. నేను బ్రేకు కొట్టేదాన్ని. మూడు గంపలు చచ్చాయి. నేను మాత్రం సీటు వదల్లేదు.

రెండోసారి ఆయమ్మ కూడా ఎస్.కోట వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు జీపును గుర్తుపట్టి నుదురు తడుముకున్నారు. "దిండు రాలేదా?" అన్నారు. తరవాత, ఎవరూ అడగకుండానే, పక్క సీటులోని ఐసు పెట్టెకు కట్టిన బెల్టు విప్పి, పెట్టె వెనక్కి పెట్టి, బెల్టు తన పొట్ట చుట్టూ బిగించుకున్నారు.

ఆయమ్మ వెనక నుంచి దిగి గబగబా వచ్చింది. "బావూ, పొట్ట మీద కాదు. కిందికి." ఆయన ఏదో అనేలోపే, ఆవిడ ఆ ప్రభుత్వ పొట్టను ఒక చేత్తో పైకెత్తి, రెండో చేత్తో బెల్టు కిందికి లాగి బిగించింది. ఆయన మీసాలు వణికాయి. బాబాయ్ చెట్టు వెనక్కి వెళ్ళిపోయాడు. నేను స్టీరింగు వైపే చూస్తూ పెదవి కొరుక్కున్నాను. లైసెన్సు అప్పుడే పోయిందనుకున్నాను.

ఆయన ఊపిరి బిగబట్టి, "పోనీ" అన్నారు. పోనిచ్చాను. చేతులు చెమటలు పట్టి జారుతున్నాయి గాని, నేను మాత్రం జారలేదు. గేర్లు, సైగలు, వాలు మీద ఆపడం. కోడిపుంజు రాలేదు, గేదె వచ్చింది. ఆగాను. జీపు ఆగింది, నేనూ ఆగాను, ఆయనా ఆగారు. ఆయన తన నుదుటినీ, అద్దాన్నీ, వాటి మధ్య ఖాళీనీ చూసుకున్నారు. బోనెట్టు మీద కాగితం పెట్టి సంతకం చేసేశారు. నేను అక్కడే ఎగిరి గంతేశాను. ఎంత ఎగిరినా ఆయన భుజం దాకానే వచ్చానని బాబాయ్ తరవాత అందరికీ చెప్పుకున్నాడు. క్షమించేశాను.

తిరుగు ప్రయాణంలో మొట్టమొదటిసారి ఘాటు రోడ్డు నేను ఎక్కించాలి. బాబాయ్ తనంతట తనే వెనక్కి వెళ్ళి, ఐసు పెట్టెను పట్టుకుని కూర్చున్నాడు. ఆయమ్మ కూడా వెనక్కే ఎక్కబోయింది. ముందు సీటు ఆఫీసర్లదని ఆవిడ నమ్మకం. నేను రెక్క పట్టుకుని ముందు కూర్చోబెట్టాను. కూర్చుని, కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి మెల్లిగా అడిగింది.

"నన్నూ కడతావేటమ్మా?"

"ఎందుకు కట్టను?"

"నాకు ఆరేడేళ్ళప్పుడే తమ్ముణ్ణి ఈపుకి కట్టీసినారు. ఆడి తరవాత సెల్లెళ్ళు. మరి నా పిల్లలు, ఆళ్ళ పిల్లలు. అందర్నీ నానే కట్టినాను. నన్నెవులు కట్టినారో, కట్టనేదో, నాకు గేపకం నేదు."

బెల్టు మెలిక తీసి, ఆవిడ తుంటెముక మీదికి దించి, బిగించి, ఆవిడ చూపినట్టే అరచెయ్యి దూర్చి చూశాను. "సరిగ్గా ఉందా?" అన్నాను. ఆవిడ తల ఊపింది.

మూడో మలుపు తిరిగేసరికి ఆయమ్మ నోరు తెరుచుకుని నిద్రపోయింది. అనంతగిరి దాటే దాకా మలుపు మలుపుకీ హారన్ కొట్టాను. ఆవిడ లేవలేదు.