సర్కారు ప్లీడరుకు చెప్పుకున్న మామిడితోట కేసు

మా వంశంలో యుద్ధాలు ఓడినవాళ్లున్నారు, ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. శత్రువు డేరాలోకి స్వయంగా నడిచి వెళ్లి, మన కోటగోడ ఎక్కడ కూలిందో వేలుపెట్టి చూపినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

డెబ్బయ్యో దశకం చివర. మాకు మిగిలిందల్లా పలమనేరు దగ్గర ఒక మామిడితోట. అది సర్కారు భూమి అని, ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. నాయన మంచం పట్టాడు. దావా వేసిన మా ముసలి వకీలు వాయిదాకు ముందే కాలం చేశాడు. చిమ్మటలు తినగా మిగిలిన తాతగారి జరీ తలపాగా చుట్టుకుని నేను చిత్తూరు కోర్టుకు బయలుదేరాను.

గవర్నమెంటు డాక్టరు జనానికి మందిస్తాడు. గవర్నమెంటు అయ్యవారు పిల్లలకు చదువు చెబుతాడు. కాబట్టి గవర్నమెంటు ప్లీడరు మన కేసు వాదిస్తాడు. ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు కదా అంటారా? మా వంశంలో ఎవరూ ఎవరినీ దారి అడగరు.

నేరుగా ఆయన గదికే వెళ్లి నేను చెప్పడం మొదలుపెట్టగానే ఆ ప్లీడరు చెయ్యెత్తాడు. "రవ్వంత ఆగప్పా. ఇది నువ్వు నాకు చెప్పకూడదు."

"మా ఇండ్లలో పెద్దోళ్లు మాట్లాడతా ఉంటే ఎవురూ అడ్డం రారు."

ఆయన తన నెరిసిన తల తడుముకున్నాడు. "పెద్దోడు ఎవురప్పా ఈడ?"

నేను ఆగితే కదా. "పట్టా చెదలు తినేసింది. సాక్ష్యం చెప్పేవోళ్లు చచ్చిపోయినారు. అయితే ఏమి? తోటకు నాలుగు మూలలా సర్కారు నాటిన సర్వే రాళ్లే ఉండాయి. వచ్చి సూడండి."

"అయిపోయిందా?"

"అయింది. ఇంక మీరు వాదించండి."

"వాదిస్తాను. నీ మీదనే."

గొర్రె కసాయిని నమ్ముతుందంటారు. నేను కత్తి కూడా నూరిపెట్టి మెడ చాచాను. తలపాగా దానంతటదే జారింది.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"రాళ్లుండాయన్నావే. అవి సూస్తాను."

ఆదివారం సర్వేయరును వెంటబెట్టుకుని నిజంగానే వచ్చాడు. గొలుసు పట్టి కొలిపించాడు. నోటీసు రావలసింది మా తోటకు కాదు, పక్కనున్న గుట్టకు.

"మీరు సర్కారు లాయరు కదా, మీకెందుకీ ఎండ?" అన్నాను.

"సర్కారు తప్పును గెలిపించేదానికా నేనుండేది? హైదరాబాదులో అడ్వకేటు జనరలు ఆఫీసుకు రాస్తాను. వాళ్లు సరేనంటే కేసు వదిలేస్తాం."

వాళ్లు సరేనన్నారు. వాయిదా నాడు ఆయన లేచి, నోటీసు పొరపాటని, ప్రభుత్వం వెనక్కు తీసుకుంటోందని జడ్జికి చెప్పాడు. ఒక్క మాట మాట్లాడకుండా యుద్ధం గెలిచినవాడిలా నేను కోర్టు మెట్లు దిగాను. ఆ సాయంత్రమే నాయన మంచం దిగి తోటకు నడిచాడు.

మర్నాడు బుట్టెడు పండ్లతో వెళితే ప్లీడరు నవ్వాడు. "ఎదుటి పక్షం పండు నేను తినకూడదప్పా."

బుట్ట మోసుకుంటూ ఇంటికొచ్చి, తాతగారి తలపాగా మీద ఒట్టు వేశాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ ఎదుటి పక్షం వకీలుకు నా కేసు చెప్పుకోను. సొంత వకీలుతో ఇంత త్వరగా గెలవలేనని తెలిసినా సరే.