అందరూ కొనమన్న షేరు

ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర, మందుల దుకాణం మీది అంతస్తుల మా ఆఫీసు. పైసలు ఎక్కడ పెట్టాల్నో జనాలకు సలహా చెప్పే చిన్న కంపెనీ. అండ్ల కంప్యూటర్ల షేర్లు, చిప్పుల షేర్లు నా వంతు. అనలిస్టులు "ఈ షేరు ఏడాదిల ఇంతకు పోతది" అని రిపోర్టులు రాస్తరు. అండ్ల ఎవరి మాట నిలబడుతదో తేల్చేది నేను. ఈ పని నాకు బాగొచ్చు. ఆ మాట అనెటందుకు ఎన్నడూ సిగ్గుపడలే.

పోయినేడు ఎండకాలంల ఒక పెద్దాయన వచ్చిన్రు. గోదావరి దిక్కు మనిషి, హబ్సిగూడలనే సైంటిస్టుగా చేసి రిటైరైన్రు. కంప్యూటర్లు తయారుచేసే ఒక కంపెనీ మీద రిపోర్టు తెచ్చి నా ముంగట పెట్టిన్రు. రాసింది రోజూ టీవీల కనబడే అనలిస్టు.

"నా రిటైర్మెంటు డబ్బులో చాలా భాగం ఇందులో పెడదామనుకుంటున్నానమ్మా. ఈయనొక్కడే కాదు, అందరూ కొనమంటున్నారు."

"చదివి చెప్తా సార్, అప్పటిదాక ఏం కొనకండి" అన్న.

నేను ముందుగాల షేరు ఎంతకు పోతదన్నది సూడ. రిపోర్టు రాసిన మనిషి ఇదివరకు ఏమన్నడో సూస్త. ఈయన పాత రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టిన. షేరు పెరిగినాక అంచనా పెంచిండు, పడినాక తగ్గించిండు. షేరు ముందల పోతుంటే ఈయన వెనకనుంచి డప్పు కొడుతుండు. తక్కినోళ్లదీ అదే దారి. దుకాణాలకు మస్తు కంప్యూటర్లు పంపినమని కంపెనీ చెప్పింది, అందరూ అదే రాసిన్రు. ముంబైల చిన్న సంస్థల పనిచేసే ఒకామె మాత్రం ఎదురు చెప్పింది. పంపినవన్నీ అమ్ముడుపోలే, దుకాణాలల్లనే పడి ఉన్నయి, కాబట్టి ముందుముందు కంపెనీ అమ్మకాలు పడతయి అని.

అది నిజమా కాదా? నాచారంల మా బావకు, అంటే మా అక్క పెనిమిటికి, కంప్యూటర్ల దుకాణం ఉంది. ఆదివారం పోయిన. వెనక గోదాంల ఆ కంపెనీ డబ్బాలు కప్పు దాక పేర్చి ఉన్నయి.

"ఇన్నెందుకు తీసుకున్నవ్ బావా?"

"సరుకు ఎక్కువ ఎత్తితే కమీషన్ ఎక్కువిస్తమని కంపెనీవాళ్లు అన్నరు, ఎత్తిన. గిప్పుడు కొనెటోళ్లేరి?"

ఒక్క దుకాణం జూసి దేశమంతా గిట్లనే ఉందనొద్దు. బావతోని వరంగల్, విజయవాడ, నాగపూర్ వ్యాపారులకు ఫోన్ చేయించిన. నాగపూర్ ఆయన ఒక్కడే బాగనే పోతున్నయన్నడు. మిగిలినోళ్లది బావ కథనే.

పెద్దాయన మళ్ల వచ్చినప్పుడు, ముంబై ఆమె రిపోర్టులు చూపించి కొనొద్దని చెప్పిన. ముఖం గంటు పెట్టుకున్నరు.

"పదిమంది ఒక మాటంటే, ఆవిడొక్కతే ఇంకో మాటంటోంది. మీరు ఆవిడ వైపా?"

"పదిమంది ఏరి సార్? కంపెనీ చెప్పిన ఒక్క మాటనే పది నోళ్లల్ల తిరుగుతుంది."

"కిందటేడు ఆవిడ అంచనా తప్పింది కదా?"

"తప్పింది. ఎందుకు తప్పిందో ఆమెనే రాసింది. టీవీ ఆయన తప్పులు ఆయన రిపోర్టులల్ల ఎంత దేవులాడినా దొరకవు."

పెద్దాయన ఆమె రిపోర్టు మళ్లొకసారి తిరగేసిన్రు. "మా ల్యాబులో అయితే నేనూ ఆవిడనే నమ్మేవాణ్ణి" అన్నరు ఆఖరికి. మరి ఆ కంప్యూటర్లల్ల పెట్టే చిప్పులు జేసే కంపెనీ షేరు సంగతేందని అడిగిన్రు. కంప్యూటర్లు పోకపోతే చిప్పులూ పోవని ఆమె రాసింది. నాకూ సబబే అనిపించింది. అదీ వద్దన్న.

వానకాలం పోయేసరికి కంప్యూటర్ల కంపెనీ లెక్కలు బయటికొచ్చినయి. అమ్మకాలు పడ్డయి, షేరు కూలింది. అదే సాయంత్రం టీవీ ఆయన అంచనా తగ్గించిండు. నేను ఆఫీసుల అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించిన.

కొన్ని దినాలకు పెద్దాయన వచ్చిన్రు. డబ్బు దక్కినందుకు సంతోషపడ్డరు గాని, కూసుంటనే "చిప్పుల షేరు చూశారా?" అన్నరు.

"చూసిన సార్, బాగ పెరిగింది. అక్కడ ఆమె తప్పింది, నేనూ తప్పిన. చిప్పులు ఇండ్లల్ల కంప్యూటర్లకే పోతయనుకున్నం. వేల కంప్యూటర్లు ఒక్కదగ్గర నడిపే పెద్దపెద్ద డేటా సెంటర్లు గంపగుత్తగ కొంటున్నయి."

తిడతరేమో అనుకున్న. నవ్విన్రు. "ఇప్పుడు కొనమంటారా?"

"గిప్పుడు అందరూ ఆ డేటా సెంటర్ల పాటనే పాడుతున్నరు. ఎవరు సొంతంగ అడిగి తెలుసుకున్నరో, ఎవరు విన్నది రాసిన్రో ఈ రిపోర్టులన్నీ చదివి సూడాలె."

పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నరు. "అయితే సగం నాకివ్వండి, నేనూ చదువుతాను."

రిపోర్టుల కట్ట రెండు పాళ్లు జేసి ఒకటి ఆయన ముందల పెట్టిన. చాయ్ చెప్పి, ఇద్దరం చదువుడు మొదలుపెట్టినం.