మునెమ్మ బొటనవేలు కోర్టులో పాసైంది

నిన్న పొద్దున ఫ్యామిలీ గ్రూప్‌లో, రెండు గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య ఒక మెసేజ్.

"పెద్దవ్వ పోయింది."

నమ్మలేదు.

తొంభై ఏడేళ్ళ మనిషి పోయిందంటే నమ్మకపోవడానికి ఏముందిరా అంటారు. నిజమే. కానీ ఆమె పోవడం మాకు అలవాటు లేదు.

తిరుపతిలో బస్సెక్కి పుత్తూరు దాటేదాకా, ఇది ఎవరో ఫార్వర్డ్ చేసిన తప్పుడు వార్తే అనుకుంటూ కూర్చున్నాను.

తెలియనివాళ్ళకు పరిచయం. పేరు మునెమ్మ. మా తాతకు అమ్మ. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. ఉద్యోగం: మామిడికాయల మండీలో తొడిమ విరిచి సొన కార్చడం. అర్హత: కాయను ముక్కు దగ్గర పెట్టుకుని, ఎన్నాళ్ళకు పండుతుందో చెప్పేయడం.

ఆ సొన కాల్చీ కాల్చీ ఇరవయ్యేళ్ళకే ఆమె బొటనవేలు గులకరాయిలా నున్నబడిపోయింది. పెన్షన్ ఇచ్చే అమ్మాయి నెలనెలా వేలిముద్ర మెషీన్ పెట్టేది. మెషీన్ నెలనెలా ఎర్రలైటు వేసేది. అమ్మాయి విసుక్కుంటే పెద్దవ్వ వేలు వెనక్కి తీసుకునేది.

"నా ఏలు సిత్తూరు కోర్టులోనే పాసయ్యింది మే. నీ డబ్బాతో నాకేం పని?"

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు సంగతి అది.

మునెమ్మ భర్త జ్వరంతో పోయాడు. చేతిలో ఎనిమిది నెలల బిడ్డ. ఆ బిడ్డే మా తాత. బిడ్డకు వచ్చిన ఆస్తి రెండెకరాల మామిడితోట.

భర్తకు ఒక అన్న ఉన్నాడు. ఆయనకు ఉన్నట్టుండి ఆ బిడ్డ మీద పట్టలేనంత ప్రేమ పుట్టింది. (తోట మీద కాదు. ఛ.)

గుడ్డిది బిడ్డను సాకలేదు, నాకు అప్పగించండి అని కోర్టుకెక్కాడు. సాక్ష్యానికి ఒక కాగితం. సాకడం నా చేత కాదు, బిడ్డను మా బావకే ఇస్తున్నాను అని మునెమ్మ ఒప్పుకున్నట్టు. కింద వేలిముద్ర.

ఆమె బిడ్డను చంకనేసుకుని బొగ్గుతో నడిచే బస్సెక్కింది. దారిలో బస్సు ఆగితే తనూ దిగి తోసిందట.

అవతలి వకీలు అడిగాడట, బిడ్డ బావి వైపు పాకితే నీకెట్లా తెలుస్తుంది అని.

"మా ఈదిలో ఇద్దరు పిలకాయిలు బాయిలో పడినారు సామీ. ఇద్దరమ్మలకూ కండ్లుండాయి. వాళ్ళనెవురూ కోర్టుకు పిల్సలేదే. నన్నెందుకు పిల్సినారు?"

వకీలు కాగితాలు తిరగేశాడట. చంకలో తాత ఏడుపు అందుకున్నాడట, ఆకలికి.

జడ్జి ఆ కాగితం తీసి, ఈ ముద్ర నీదేనా అన్నారు. అలాంటి కాగితం ఒకటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. చదివి వినిపించమంది. విన్నాక బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని వేలు చాచింది.

"సిరా తెప్పించు సామీ."

తెప్పించారు. వేసింది. నల్లటి మచ్చ పడింది. ఒక్క గీత లేదు.

కాగితం మీద మాత్రం గీతలన్నీ ముగ్గేసినట్టున్నాయి. బావగారి పొరపాటు అదే. కోర్టువాళ్ళు పేచీ పెట్టకూడదని, ఏనాడూ మండీ ముఖం చూడని తన భార్య చేత శుభ్రంగా వేయించాడు. గుడ్డిది చూస్తుందా అనుకున్నాడు.

ఆమె చూడలేదు. చూపించింది.

కళ్ళు లేవని తల్లి దగ్గర నుంచి బిడ్డను లాక్కోవడానికి లేదని తీర్పు. పెద్దవ్వ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. మొదటిసారి అర్థం కాక కాదు. బాగుందని.

నిన్న ఇంటి ముందు ఒక పెద్దాయన నిట్టూర్చాడు, పాపం, కళ్ళు లేకుండా కొడుకును ఎట్లా పెంచిందో అని.

ఆమె పక్కన కూర్చున్న మా తాత తలెత్తాడు.

"పాపమేందప్పా? మీయమ్మ నిన్నెట్ల పెంచిందని ఎవురన్నా అడిగినారా?"

మళ్ళీ ఆమె వైపు తిరిగి, పాడె ఎత్తేదాకా ఆ నున్నటి వేలు వదల్లేదు.

కళ్ళు లేనివాళ్ళో కాళ్ళు లేనివాళ్ళో బిడ్డను కంటామంటే, మీకెందుకమ్మా ఈ కష్టం అనేవాళ్ళు ఇప్పటికీ మన బంధువుల్లోనే ఉన్నారు. మర్యాద కోసం పేర్లు రాయడం లేదు.

ట్యాగ్ చేశాను.

పోయిరా పెద్దవ్వా. నీ బిడ్డను ఎవరూ తీసుకుపోలేదు. ఇంక నిమ్మళంగా పడుకో.