బయల్దేరే మనిషిని అడిగిన రెండు ప్రశ్నలు

ఎనిమిదో తరగతి నేను రెండుసార్లు చదివాను. అంతగా నచ్చి కాదు, బడివాళ్లు పట్టుబట్టారు. మూడోసారి కూడా కూర్చోమంటే మొహమాటపడి బయటికొచ్చేశాను. అలాంటివాణ్ణి ఇవాళ ఒక పెద్ద కంపెనీలో డిజైనర్ని. ఫోన్లో ఏ బొత్తాం నొక్కాలో తెలియక మీరు తికమకపడితే ఆ తప్పు మీది కాదు, నాది. తప్పు మోయడానికే నెలనెలా జీతమిస్తారు.

ఈ రెండింటి మధ్యా రాజమండ్రిలో ఫ్లెక్సీలు వేసే షాపులో పదేళ్లు పనిచేశాను. పెళ్లికొడుకు బొమ్మ ఎంత ఉండాలి, పోయినాయన బొమ్మ ఎంత ఉండాలి, బైకు మీద వెళ్లేవాడు తల తిప్పేలోపు ఏ అక్షరం కంట్లో పడాలి, అన్నీ అక్కడ నేర్చుకున్నవే. తర్వాత వెబ్‌సైట్లు, ఆ తర్వాత ఈ కంపెనీ. ఇంట్లోంచే పని. చేరేటప్పుడు డిగ్రీ అడగలేదు. చేరిన దగ్గర్నుంచి ఏడేళ్లుగా ప్రమోషన్ల వేళ మాత్రం ఆ లేని డిగ్రీ ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంది. నేను పని నేర్పిన పిల్లలు ముగ్గురు నన్ను దాటి పై మెట్టుకి వెళ్లారు. అందులో ఒకమ్మాయి ఇప్పుడు మా మేనేజరు. మంచి పిల్ల. నాకు చెడ్డవార్త చెప్పాల్సి వస్తే కెమెరా ఆపేసుకుంటుంది.

ప్రమోషన్ కావాలంటే ఏటా ఒక ఫైలు రాసుకోవాలి. అందులో నన్ను నేనే పొగుడుకోవాలి. మొదటి ఏడు సిగ్గుపడుతూ రాశాను. రెండో ఏడు సిగ్గు పోయింది. తర్వాత్తర్వాత ఓపిక కూడా పోయింది. అయినా పోయినేడు గట్టిగా ఆశపడ్డాను. నలభై దాటాను. ఈసారి లీడ్ డిజైనర్ని కాకపోతే ఇక అడగడం మానేద్దామని నాలో నేనే తీర్మానించుకున్నాను.

ఆ ఆశకి కారణం చేపల పడవల యాప్. పడవ ఎప్పుడు ఒడ్డుకొస్తుందో ముందే తెలిస్తే, చేప కొనేవాళ్లు ఆ వేళకి బండి సిద్ధంగా ఉంచుకుంటారు. అంతవరకూ పడవవాళ్లు ఆ సంగతి చెప్పాలంటే అయిదు స్క్రీన్లు దాటాల్సి వచ్చేది. నేను వాటిని ఒక్క స్క్రీన్‌కి కుదించాను. బయల్దేరే ముందు రెండే ప్రశ్నలు: ‘ఎక్కడికి వెళ్తున్నారు? ఎప్పుడు తిరిగి వస్తారు?’ హైదరాబాద్ ఆఫీసులో ఆరుగురి చేత చేయించి చూశాం. ఆరుగురూ చిటికెలో నింపేశారు. మీటింగులో చప్పట్లు కొట్టారు. ఆ ఆరుగురూ పడవెక్కింది ఎప్పుడైనా ఉంటే అది పాపికొండలు చూడ్డానికే.

ఉప్పాడ తీరంలో పడవవాళ్లకి యాప్ ఇచ్చాక సంగతి బయటపడింది. అందరూ తెరుస్తున్నారు, నా స్క్రీన్ దగ్గరికి రాగానే మూసేస్తున్నారు. మేనేజరు ఫోన్ చేసింది, కెమెరా లేకుండా.

“ఒకసారి వెళ్లి చూసి రండి సార్. పై వారమే మీ ప్రమోషన్ ప్యానెల్.”

మర్నాడు పొద్దున్నే బైకేసుకుని ఉప్పాడ చేరాను. రోడ్డు పక్కన రాళ్లకట్ట దాటి ఇసకలోకి దిగితే ఒక పడవని నీళ్లలోకి నెడుతున్నారు. పడవాయన భార్య గట్టు మీద నిలబడి చూస్తోంది. చేప అమ్మేది ఆవిడే, ఫోనూ ఆవిడ దగ్గరే. అడిగితే ఇచ్చింది. నేను నా స్క్రీన్ తెరిచి, పడవ మీద చెయ్యి వేసిన ఆవిడ భర్త దగ్గరికి వెళ్లి, నలుగురికీ వినబడేలా చదివాను.

“బాబాయ్, ఎక్కడికి వెళ్తున్నారు? ఎప్పుడు తిరిగొస్తారు?”

ఆయన చెయ్యి తీసేశాడు. నెట్టేవాళ్లంతా ఆగిపోయారు. ఆయన వెనక్కి వచ్చి ఇసకలో కూర్చుని, భార్య అందించిన సీసాలోంచి రెండు గుక్కలు నీళ్లు తాగాడు. అప్పుడర్థమైంది నాకు.

“సముద్రం మీదకి ఎల్లే మనిషిని ఎక్కడికని అడుగుతావా?” అంది ఆవిడ. “ఏ ఊరు బాబూ నీది?”

“రాజమండ్రండి.”

“అక్కడ నీకు చెప్పేవోళ్లెవరూ లేరా?”

ఉన్నారు. నేను బండి తీస్తే మా అమ్మ ఈనాటికీ ఎక్కడికని అడగదు. చిన్నప్పుడు మా మావయ్యని అలా అడిగినందుకు నెత్తిన మొట్టికాయ తిన్నవాణ్ణి. ఆఫీసులో నెగ్గుకు రావాలని ఆ భాష, ఆ తీరు, ఆ మీటింగుల నవ్వు అన్నీ పట్టేశాను. వాటికి చోటివ్వడానికి ఏం ఖాళీ చేశానో చూసుకోలేదు.

పడవ కాసేపాగి వెళ్లింది. నేను కదల్లేక అక్కడే కూర్చుంటే ఆవిడే జాలిపడి పక్కకొచ్చి కూర్చుంది.

“మరి ఎప్పుడొస్తారో మీకెలా తెలుస్తుంది పిన్నిగారూ?”

“ఎక్కించిన ఐసు చూస్తే తెలీదా? రెండు బుట్టలేస్తే సాయంత్రానికొచ్చేస్తారు. పెట్టె నింపేరంటే రేపే. నోరిప్పి అడగాలేంటి?”

ఏడేళ్లలో నేను విన్న డిజైన్ పాఠాల్లో అంత చిన్నది, అంత మంచిది ఇంకోటి లేదు. వారం లోపల స్క్రీన్ మార్చాను. ప్రశ్నలు లేవు. ఐసు బుట్టల బొమ్మలు, ఎన్ని ఎక్కించారో వాటి మీద తాకితే చాలు.

ప్యానెల్ ముందురోజు మేనేజరు చెప్పింది. “ఫీల్డుకి వెళ్లి కొత్తగా కనుక్కున్నానని చెప్పండి సార్. లీడ్ స్థాయి పని అంటారు.”

అలాగే చెప్పాను. బానే సాగుతోంది. చివర్లో ప్యానెల్లోని ఒక పెద్దాయన అడిగాడు.

“మీరు ఆ ప్రాంతంవారే కదా, ఈ పట్టింపు మీకు ముందు తెలియదా?”

తెలియదంటే అయిపోయేది. నోట్లోకి వచ్చింది కూడా. కానీ ఇసకలో కూర్చుని నీళ్లు తాగిన మనిషి కళ్లముందు కదిలాడు. పైగా అలిసిపోయి ఉన్నాను. అబద్ధానికీ ఓపిక కావాలి.

“తెలుసండి. మర్చిపోయాను.”

ఆయన ఏదో రాసుకున్నాడు. రెండు వారాలకి మేనేజరు ఫోన్ చేసింది. కెమెరా లేదు. విషయం అక్కడే తెలిసిపోయింది.

కొత్త స్క్రీన్ ఎలా నడుస్తోందో చూడమని మళ్లీ ఉప్పాడ పంపారు. ఆవిడ బుట్టల బొమ్మలు టకటకా తాకేసి ఫోన్ బొడ్లో దోపుకుంది. నేను ఊరుకోలేక ఎకసెక్కమాడాను.

“మీ దగ్గర పాఠం నేర్చుకున్నందుకు నా ప్రమోషన్ పోయింది పిన్నిగారూ. ముందే తెలుసు, మర్చిపోయానని ఒప్పేసుకున్నాను.”

“మరి ఆ ఉద్యోగం ఎవరికిచ్చేరు?”

“ఎవరో ఇంజనీరింగ్ చదివిన కుర్రాడికండి. సముద్రం చూశాడో లేదో కూడా తెలీదు.”

“అయితే ఈసారి నుంచి ఆ కుర్రోణ్ణే పంపు బాబూ,” అంది ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుంటూ. “తెలీనోడికి ఒక్కసారి చెప్తే సరిపోద్ది. నీకైతే ఎన్నిసార్లని చెప్తాం?”