కిటికీ పక్కన ఖాళీ చాప

మా చిన్నతనంలో మధ్యాహ్నం అన్నాలయ్యాక, బాలవాడిలో అందరం చాపలు పరుచుకుని వెల్లకిలా పడుకునేవాళ్లం... తార్నాకలో, యూనివర్సిటీ స్టాఫ్ క్వార్టర్స్ వెనక రేకుల కప్పున్న పొడవాటి గది అది. నాన్న యూనివర్సిటీలోనే క్లర్కు. నేనూ, మా తమ్ముడు బుజ్జీ పగలంతా ఆ గదిలోనే.

మా సుగుణ టీచర్‌ది గుంటూరు వైపు. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే మాకు ఊపిరి ఆట నేర్పేవారు. ఇప్పుడు ప్రతి అపార్టుమెంటులో కిడ్స్ యోగా అని బోర్డు పెడుతున్నారే, అదే! గళ్ల గుడ్డతో కుట్టిన చిన్న బియ్యం సంచి ఒక్కొక్కరి పొట్ట మీద పెట్టేవారు. ఊపిరి పీలిస్తే సంచి లేవాలి, వదిలితే దిగాలి. సంచిని నిద్రపుచ్చమనేవారు. అది నిద్రపోయేలోపు మేమే నిద్రపోయేవాళ్లం...

అయితే కిటికీ పక్కన రోజూ ఒక చాప ఎక్కువ పరిచేవారు. దాని మీదా ఒక సంచి. గాలి కోసం నేనొకసారి అటు దొర్లబోతే, వారాసిగూడ నుంచి వచ్చే ఆయా నర్సమ్మ చెయ్యి పట్టి లాగింది.

"గాడ పండొద్దు బిడ్డా. గా చాప టీచరమ్మ కొడుకుది. ఆయాసమొచ్చి పోయిండు."

పోవడమంటే నాకేం తెలుసు... ఎక్కడికో వెళ్లాడు, వస్తాడు, అందుకే చోటుంచారు అనుకున్నాను.

ఒక రోజు అందరూ కళ్లు మూసుకున్నాక దొంగచూపు చూశాను. పిల్లల సంచులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఖాళీ చాప మీది సంచి కూడా... చాపకూ దానికీ మధ్య జానెడు ఖాళీ. ఫ్యాను గాలేమో అనుకుందామంటే కరెంటు లేదు. అది మా సంచుల్లా కాదు, ఆగి ఆగి, కష్టంగా లేస్తోంది. టీచర్ దాని పక్కనే కూర్చుని "మెల్లగా... మెల్లగా..." అంటున్నారు. నేను కళ్లు గట్టిగా మూసేసుకున్నాను. ఇంట్లో చెబితే వీపు మోగేది తప్ప నమ్మేదెవరు!

ఆ వానాకాలం బుజ్జిగాడికి ఆయాసం వచ్చింది. పిల్లికూతలు వాడికి కొత్త కాదు గానీ, ఆ మధ్యాహ్నం పెదాలు నీలంగా మారిపోయాయి. బయట కుండపోత. నర్సమ్మ ఆటో కోసం తడుస్తూనే మెయిన్ రోడ్డుకు పరిగెత్తింది. వీడు కూడా పోతాడని అప్పుడు అర్థమైంది నాకు. వాడి కాలు పట్టుకుని ఏడుస్తున్నాను.

టీచర్ వాణ్ణి ఎత్తుకెళ్లి ఆ ఖాళీ చాప మీద, గోడకు ఆనించి కూర్చోబెట్టబోతూ ఆగారు.

"కొంచెం జరుగు నాన్నా. తమ్ముడికి చోటివ్వు," అన్నారు చాపతో.

సంచి తనంతట తానే అంచుకు జరిగింది.

వేడిపాలు ఊదినట్టు మెల్లగా వదలమని టీచర్ బుజ్జిగాడికి చెబుతూనే ఉన్నారు. వాన చప్పుడులో నాకు రెండు ఊపిరులు వినిపించాయి. ఒకటి మా వాడిది, తెగిపోతూ... రెండోది నిదానంగా, దారి చూపిస్తూ. ఆటో వచ్చేదాకా మా వాడు ఆ రెండోదాన్ని పట్టుకునే ఉన్నాడు. ఆసుపత్రిలో మాస్కు పెట్టారు. బతికాడు.

మర్నాడు ఆ సంచి లేవలేదు. టీచర్ సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నారు. చివరికి దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఉన్నదంతా ఇచ్చేసినట్టున్నాడమ్మా," అన్నారు. ఆ తర్వాత ఆ చాప పరవలేదు.

ఇప్పుడు ఆ గది లేదు, బండ్లు పెట్టుకునే షెడ్డు వేశారు. టీచర్ పోయి చాలా ఏళ్లయింది. బుజ్జిగాడు ఇదంతా చెబితే "నీకు కలొచ్చి ఉంటదక్కా" అని నవ్వుతాడు.

మొన్న హబ్సిగూడలో మా ఇంట్లో, ఆ పాత సంచిలో కొత్త బియ్యం పోసి మా పాపకు ఊపిరి ఆట మొదలుపెట్టాను. ఇంకా మూడేళ్లు నిండలేదు. చాప మీద పడుకున్నదల్లా గోడవైపు జరిగింది. ఎందుకే అంటే, "అన్న పండుకుంటడంట" అంది. దానికి అన్న లేడు. ఈ కథ దానికెవరూ చెప్పలేదు.

సంచి తీసి పక్కన పెట్టింది. ఆ సంచి లేచింది... తేలిగ్గా, హాయిగా, ఆయాసం లేకుండా. నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. ఇది చూడాల్సిన మనిషి లేకుండా పోయింది.

ఆ రేకుల గదిలో పడుకున్నవాళ్లు ఎవరైనా దీన్ని చదువుతుంటే ఒక్క మాట చెప్పండి... మీరూ ఎప్పుడైనా కళ్లు తెరిచి చూశారా? నేనొక్కదాన్నేనా?