గుగ్గిలం వాకిలి

మా ఆయన యతిరాజులుకు అసూయ పుట్టాలంటే ఎదుటివాడికి మేడలే ఉండనక్కర్లేదు, దోమంత తేనెటీగలు చాలు.

జార్జి టౌన్‌లో మామగారి అంగడిని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, ఈయనే పట్టుబట్టి నడుమ గోడ కట్టించారు. గుగ్గిలం, సాంబ్రాణి మాకు. పసుపు, కుంకుమ మరిది సుందరానికి. పాత దర్వాజా తొర్రలోని తేనెపట్టు మాత్రం సుందరం వైపు పడింది. కుట్టని ఈగలు. తొర్ర ముందు బంకతో గొట్టంలాంటి వాకిలి కట్టుకుని కావలి కాసేవి. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. సుందరం మురిసిపోతూ వాళ్ళకేదో చెప్పేవాడు. ఇవతల ఈయన కడుపు రగిలిపోయేది.

పైగా ఎండకు మెత్తబడ్డ మా గుగ్గిలం మీదే ఆ ఈగలు వాలి, బంకను కాళ్ళకు అంటించుకుని పోయేవి.

“చూస్తివా తాయారూ! సొమ్మొకడిది, సోకొకడిది. నా సరుకు ఎత్తకపొయ్యి వాడికి పేరు తెస్తా ఉండాయి!”

“చిటికెడు బంకకు ఏడుస్తారా? సిగ్గు లేదా?”

వింటేనా! బస్తాలన్నిటికీ టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించారు.

వానలకు ఆ గొట్టం విరిగింది. మళ్ళీ కట్టుకుందామంటే ఈగలకు బంక లేదు. నల్లటి పురుగులు లోపలికి దూరసాగాయి. అవి గుడ్లు పెడితే పట్టంతా కుళ్ళిపోతుంది. సుందరం కళ్ళనీళ్ళతో మా మెట్ల దగ్గర నిలబడ్డాడు.

“అన్నా, నాయన సాకిన ఈగలు. రవ్వంత గుగ్గిలం ఇయ్యి.”

“నీ ఈగలు, నీ కర్మ” అన్నారు ఈయన.

నాకు ఒళ్ళు మండింది. కత్తి తీసుకుని తాళ్ళు కోసేసి, చేతికందిన గడ్డ తీశాను.

“అయ్యో, అది గట్టిది! ఈ మెత్తటిది తీసకపో” అంటూ ఆయనే దాంతో సుందరం వైపు పరుగెత్తి, తొర్ర పక్కన బంక పూశారు.

ఈగలు మూగాయి. లోపలికి దూరుతున్న పురుగును చుట్టుముట్టి, బతికుండగానే బంకలో పూడ్చేశాయి. ఈయన ఛాతీ పొంగింది.

“ఈగలు నీవైతే ఏందిరా, వాకిలి నాది!”

“అదే గదన్నా దినామూ అందరికీ చెప్తా ఉండేది. వీటికి తలుపూ మందూ అన్నీ మా అన్న గుగ్గిలమే అని.”

ఈయన చేతికంటిన బంక తుడుచుకుంటూ మెల్లగా అడిగారు.

“నాకెందుకు చెప్పలేదురా?”

“నడుమ గోడ ఉండాది గదన్నా” అన్నాడు సుందరం.