పట్టుపోగులతో కట్టిన జామచెట్టు

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. రాయడానికి సిగ్గేస్తోంది, అయినా ఉన్నమాట ఉన్నట్టు రాస్తాను. ధర్మవరంలో మా రెండిళ్ళ పెరళ్ళకు మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. అటొక జామచెట్టు, ఇటొక జామచెట్టు. రెండూ మా మామ ఒకే రోజు నాటినవి. ఆమె చెట్టు విరగకాసేది. నాది కరెంటు తీగల దాకా పెరిగి, ఏడాదికి నాలుగు పిందెలు రాల్చి ఊరుకునేది.

మా అత్తకు జామపండంటే ప్రాణం. ఒక నెల నా దగ్గర, ఒక నెల ఆమె దగ్గర ఉంటుంది. నా నెలలో కూడా మధ్యాహ్నం కాగానే గోడ దగ్గరికి పోయి, "ఏమమ్మీ, పండేమన్నా ఉండాదా?" అని కేకేసేది. నేను చేసిన సంగటి తిని, ఆ చేతినే అటు చాపుతుంటే నా కడుపు భగభగ మండేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా చెట్టు పండు తిని బాగుందనాలి. అప్పట్లో నాకు అంతకుమించి కోరిక లేదు.

ఆమె పుట్టిల్లు బుక్కరాయసముద్రం, వాళ్ళకు జామతోట ఉంది. కోత అయిపోగానే ఆమె కొమ్మల కొసలు కత్తిరించేది. నిటారుగా లేచినవాటిని కిందికి వంచి, పాత చీర పీలికలతో రాళ్ళకు కట్టేది. వంచిన కొమ్మకు పక్కల్నుంచి చిగుళ్ళొచ్చి, వాటికి పూత వచ్చేది. అడిగితే నాకూ నేర్పేదే. అడగడానికి నాకు నోరు రాలేదు. గోడమీంచి దొంగచూపులు చూసి నేర్చుకున్నాను.

ఒక ఎండాకాలం చివర నేనూ కత్తిరించి, వంచాను. కట్టడానికి పీలికలా? ఛీ! మా మగ్గం మీద చీర కోసినప్పుడల్లా మిగిలే పట్టుపోగులు ఇంటినిండా ఉండగా పీలికలేం ఖర్మ? ఎర్రవి, పచ్చవి కలిపి పేని, బిగించి కట్టాను. వీధిలో ఆడవాళ్ళు వచ్చి చూసి, "ఏమక్కా, చెట్టుకు పెండ్లి చేస్తాండావా?" అని నవ్వారు. గోడ అవతలికి వినపడేలా నేనూ నవ్వాను.

ఆ ఏడు మా సీమలో ఎన్నడూ లేనంత వాన. కొమ్మలు లావెక్కాయి, పూత వచ్చింది, పిందె పట్టింది. నా కాళ్ళు నేలమీద నిలిస్తే ఒట్టు. వానలు ఆగాక కొన్ని కొమ్మల ఆకులు పసుపెక్కితే నీళ్ళు చాల్లేదేమోనని ఇంకో రెండు బిందెలు పోశాను. అంతలో కంబదూరులో పెళ్ళికని పోయి, మూడోరోజు తిరిగొచ్చి చూద్దును కదా, కట్లన్నీ తెగి కిందపడి ఉన్నాయి!

గోడ దగ్గరికి పరుగెత్తి నోటికొచ్చినట్టు తిట్టాను. "నా చెట్టు నాలుగు కాయలు కాస్తే ఓర్చుకోలేకపోయినావా? కండ్లు కుట్టినాయా నీకు?"

ఆమె చుట్టూ తిరిగి మా పెరట్లోకి వచ్చింది. నా చెయ్యి పట్టి ఒక కొమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

"ఈడ చూడక్కా. పీలికైతే కొమ్మ లావయ్యేకొద్దీ సాగుతాది, లేకుంటే చినిగిపోతాది. పట్టు తెగుతాదా? బెరడు కోసుకుని లోపలికి దిగిండాది. నువ్వొచ్చే దాకా ఉంటే కొమ్మలు దక్కవని నేనే కోసినా."

వేలుపెట్టి చూశాను. కొమ్మ చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. పట్టు తెగదని పుట్టినప్పట్నుంచీ మగ్గం చూస్తున్న నాకు ఒకరు చెప్పాలా? క్షమించమనలేదు. లోపలికి పోయి తలుపేసుకున్నాను.

రెండు కొమ్మలు ఎండిపోయాయి. తక్కినవి కోలుకుని, చలికాలంలో కాయలు పండాయి. మొదటి పండు ముక్కలు కోసి అత్త చేతిలో పెట్టాను. తోడికోడలు కూడా అక్కడే కూర్చుని బియ్యం ఏరుతోంది.

అత్త నమిలి, "బలే బాగుండాది. చిన్నదాని చెట్టుదేనా?" అంది.

"నా చెట్టుదే," అన్నాను. కట్లు కోసిన సంగతి నేను ఎత్తలేదు. ఆమె ఎత్తుతుందేమోనని ఓరకంట చూశాను.

"అవునత్తా, అక్క చెట్టుదే. నా దానికంటే తీపి," అంది ఆమె, చాట దించకుండానే.

అత్త ఇంకో ముక్క తీసుకుంది. అన్నేళ్ళు కోరుకున్న మాట నాకు దక్కింది. అది కూడా ఆమె చలవే. అప్పట్నుంచి ఆమెను చూస్తే ఇంకా ఎక్కువ కుళ్ళుకుంటున్నాను.